పసుపు చుట్టూ ఏమీ రాలేదు

మా వంటింటి కిటికీ గట్టు మీద మూడు వారాలుగా ఆరు పెరుగు డబ్బాలు కాపురం ఉంటున్నాయి. ఆరింటిలోనూ మెంతి మొక్కలే. వాటిలో మూడింటికి రోజూ అరగంట పాటలు వినిపిస్తాం. ఆ అరగంటా మిగతా మూడింటిని తీసుకెళ్ళి లాండ్రీ రూమ్‌లో పెడతాం. ఇది మా వాడి నాలుగో తరగతి సైన్స్ ఫెయిర్ ప్రాజెక్ట్. పాటలు వింటే మొక్కలు ఎక్కువ పెరుగుతాయా అన్నది వాడి ప్రశ్న. వింటాయో లేదో గానీ, మూడు వారాలు ఒకే పాట విని నాకు మాత్రం తల బరువెక్కింది.

సోమవారం బోర్డు పట్టుకెళ్ళాలి. గురువారం రాత్రి స్కేలు పెట్టి కొలిచాం. ఆరూ ఇంచుమించు ఒకే ఎత్తు. పైగా పాటలు వినని వాటిలో ఒకటి కాస్త పొడుగు కూడా. మా వాడి మొహం చిన్నబోయింది.

"అమ్మా, పాటలు విన్న వాటికి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వేసేయనా? గ్రాఫ్ బాగుంటుంది" అన్నాడు.

నేను పోపులో ఉన్నాను. తల తిప్పకుండానే, "రెండు వద్దురా, ఒకటి వెయ్యి. నమ్మేలా ఉంటుంది" అన్నాను.

నిజంగానే అన్నాను. దాచుకోవడం ఎందుకు?

ఆ రాత్రే మా పక్క వీధి అక్క ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి ఇక్కడి యూనివర్సిటీలో మూడో సంవత్సరం. "రేపు ఏదో పోస్టర్ పెడుతోందట, రమ్మని చంపుతోంది. మీ బావగారికి మీటింగులు. ఆ సైన్సు గొడవ నాకేం అర్థమవుతుంది? నువ్వు బి.ఎస్సీ.వి కదా, తోడు రా" అంది.

ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయింది. నా పులిహోర కోసం పిలిచారు, రంగోలీ పోటీలకు పిలిచారు, పిల్లల్ని కాసేపు చూసుకోమని పిలిచారు. నా బి.ఎస్సీ. కోసం పిలవడం ఇదే మొదటిసారి. ఫారాల్లో వృత్తి అన్న చోట హోమ్‌మేకర్ అని రాసీ రాసీ, నాకో డిగ్రీ ఉందన్న సంగతి నాకే పాత ఫోటోలో మొహంలా అయిపోయింది. సరే వస్తానన్నాను.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన. ఏప్రిల్ మొదట్లో ఇక్కడ పైన్ చెట్ల పుప్పొడి రాలి, కార్లన్నిటి మీదా ఎవరో పసుపు చల్లి వెళ్ళినట్టుంటుంది. వైపర్ వేసుకుంటూ బయల్దేరాం. అక్క చక్కటి మంగళగిరి చీర కట్టుకుంది. వెనక సీట్లో పిల్లకి పప్పుచారు, వంకాయ కూర, రెండు డబ్బాల పెరుగన్నం. బహుమతి ప్రదానం లాంటిదేదో అనుకుంటోందని అప్పుడర్థమైంది.

తీరా వెళితే అది వేరే లోకం. పెద్ద హాలు నిండా వరసలు వరసలుగా బోర్డులు. ఒక్కొక్క బోర్డుకీ నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు పోస్టర్ గుచ్చి ఉంది. ఒక్కొక్క పోస్టర్ పక్కనా ఒక పిల్లో పిల్లాడో. కొందరు కోటు వేసుకున్నారు, కొందరి కోటుకు ఇంకా దుకాణం చీటీ వేలాడుతోంది. ఎవరైనా ఆగి చూస్తే చాలు, "మీకు చెప్పనా?" అని మొదలుపెడతారు. రెండు మూడు నిమిషాల్లో తాము ఏ ప్రశ్న పట్టుకున్నారో, ఏం చేశారో, ఏం తేలిందో చెప్పేస్తారు. అందరూ డిగ్రీ పిల్లలే. పీహెచ్‌డీ వాళ్ళు కారు, ప్రొఫెసర్లు కారు.

చాలా యూనివర్సిటీల్లో ఏటా వసంతకాలంలో ఇలాంటి రోజొకటి ఉంటుంది. ముందుగా పిల్లలు ఒక ప్రొఫెసర్‌ని పట్టుకుని ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో నెలల తరబడి పని చేస్తారు. ఆ పని సారాంశం ఒక చిన్న పేరాలో రాసి పంపిస్తారు. తర్వాత పోస్టర్ తయారుచేయడమో, పది పదిహేను నిమిషాల ప్రసంగం ఇవ్వడమో. సంగీతం, నాటకం పిల్లలైతే చేసి చూపిస్తారు. కొన్నిచోట్ల జడ్జీలు తిరుగుతారు. ప్రవేశానికి టికెట్ లేదు. మాలాంటి వాళ్ళు ఎవరొచ్చినా రానిచ్చారు.

అక్క కూతురి పోస్టర్ సంఖ్యను బట్టి ఆమె వంతు రెండో గంటలో. ఈలోగా తిరుగుదామన్నాను.

మొదట ఆగింది ఒక చరిత్ర విద్యార్థి దగ్గర. 1930ల్లో ఇళ్ళ అప్పుల కోసం ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి ఊళ్ళ మ్యాపులకు రంగులు వేసింది. అప్పు ఇవ్వడానికి మంచి పేటలకు ఆకుపచ్చ, ప్రమాదం అనుకున్న పేటలకు ఎరుపు. నల్లవాళ్ళు ఉండే పేటలకు దాదాపుగా ఎరుపే. ఆ పిల్లవాడు పక్కనున్న డర్హమ్ ఊరి పాత మ్యాపు తీసుకుని, దాని మీద ఇవాళ్టి చెట్ల నీడ లెక్క పరిచాడు. తొంభై ఏళ్ళ కిందటి రంగుకీ, ఇవాళ బస్టాపులో నిలబడితే తగిలే ఎండకీ సంబంధం ఉందా అని వెతుకుతున్నాడు. వీధి వీధీ నడిచాడట. అక్క అంతా విని, "ఇంతకీ ఇది హిస్టరీనా, కంప్యూటరా, బోటనీనా?" అని అడిగింది. వాడు నవ్వి, "మా ప్రొఫెసర్ని నేనూ అదే అడిగాను" అన్నాడు.

మన చదువుల్లో ఇది ఊహించగలమా? ఇంటర్‌లో ఎం.పి.సి.నా బైపీసీనా అన్న దగ్గరే మనకి గోడ కట్టేశారు. ఆ తర్వాత గోడ అవతల ఏముందో చూడలేదు. చరిత్ర అంటే సివిల్స్ రాసేవాళ్ళకి, తెలుగు అంటే సీటు రానివాళ్ళకి. ఈ హాల్లో మాత్రం వయొలిన్ పట్టుకున్న అమ్మాయి, ఆవుల మేత మీద పనిచేసిన అబ్బాయి, ఎకనామిక్స్ పిల్ల పక్కపక్కనే నిలబడి ఒకరి పోస్టర్ ఒకరు చదువుకుంటున్నారు.

ఇంకో చోట భాషాశాస్త్రం చదివే అబ్బాయి. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపినప్పుడు ఎక్కడ కలుపుతారు అన్నది అతని పని. ఆ కలపడం ఇష్టం వచ్చినట్టు జరగదని, దానికీ ఒక వ్యాకరణం ఉంటుందని చెబుతున్నాడు. ఉండబట్టలేక మా ఇంటి సంగతి చెప్పాను. మా వాడు "డ్రైవ్ చేశావా" అంటాడు, "మిస్ అయ్యాను" అంటాడు. "మిస్ చేశాను" అంటే అర్థం వేరు. తానే చేసిన పనికి 'చేయి', దానంతట అది జరిగినదానికి 'అవు' తగిలిస్తాం. మాకెవరూ నేర్పలేదు, మా వాడికీ నేర్పలేదు. ఇంగ్లీష్ మాట తెలుగులోకి రావాలంటే ఆ రెండు గుమ్మాల్లో ఒకదాన్లోంచి రావాల్సిందే.

అతను మొత్తం విని, "ఇంకోసారి చెప్తారా?" అని తన నోట్‌బుక్ తీశాడు. నేను చెబుతుంటే రాసుకున్నాడు. అక్క నన్ను వింతగా చూసింది. నాకూ వింతగానే ఉంది. నేను చెప్పింది ఎవరైనా రాసుకుని ఎన్నేళ్ళయిందో. కిరాణా చీటీ లెక్కలోకి రాదు.

రెండో గంట మొదలైంది. అక్క కూతురి దగ్గరికి వెళ్ళాం. దూరం నుంచే పోస్టర్ మీద పచ్చటి ఫోటోలు కనిపించాయి. దగ్గరికి వెళ్ళి శీర్షిక చదివి నేను ఆగిపోయాను. పసుపు. పసుపు రసానికి బాక్టీరియాని ఆపే గుణం ఉందా, లేదా?

మాది దుగ్గిరాల పక్క ఊరు. గుంటూరు వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, దుగ్గిరాల యార్డు అంటే పసుపు. చిన్నప్పుడు మా పెరట్లో కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసేవాళ్ళు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, డిగ్రీ చివరి సంవత్సరంలో నా ప్రాజెక్ట్ కూడా ఇదే.

అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. గాజు పళ్ళెంలో జెల్లీలాంటి అగార్ పోసి, దాని మీద హాని చేయని రకం ఈ.కోలై బాక్టీరియాని పలచగా పూస్తారు. మధ్యలో పసుపు రసంలో ముంచిన చిన్న కాగితపు బిళ్ళ పెడతారు. రాత్రంతా వెచ్చగా ఉంచితే బాక్టీరియా పాల మీద మీగడలా పళ్ళెం అంతా పరుచుకుంటుంది. బిళ్ళలో ఉన్నదానికి బాక్టీరియాని ఆపే శక్తి ఉంటే, దాని చుట్టూ మీగడ కట్టని ఖాళీ వలయం మిగులుతుంది. యాంటీబయాటిక్ బిళ్ళ పెడితే ఆ వలయం గుండ్రంగా, స్పష్టంగా వస్తుంది. దాని వ్యాసం స్కేలుతో కొలుస్తారు.

"మరి పసుపుకి?" అంది అక్క.

"ఏమీ రాలేదమ్మా" అంది పిల్ల, చాలా మామూలుగా. "నీళ్ళలో తీసిన రసానికి అసలేమీ రాలేదు. ఆల్కహాల్‌లో తీసినదానికి సన్నగా వచ్చింది. కానీ ఒట్టి ఆల్కహాల్ బిళ్ళకీ అంతే వచ్చింది. కాబట్టి అది పసుపు వల్లే అని చెప్పలేను."

అక్క మొహం మారిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఏమీ రాలేదని ఇంత పెద్ద అక్షరాలతో వేసి నిలబడ్డావా? అదీ పసుపు గురించి! ఇంకేదైనా వచ్చినది పెట్టుకోకూడదా? రేపు మెడిసిన్‌కి అప్లై చేసేటప్పుడు ఇది చూపిస్తావా?"

"ఇదే చూపిస్తాను. చేసింది ఇదే కదా."

"అంటే పసుపు పనిచేయదంటావా? మరి చిన్నప్పుడు నీ మోకాలికి రాసిందేమిటి?"

"పనిచేయదని అనలేదమ్మా. ఈ పద్ధతిలో చూస్తే నాకు కనిపించలేదన్నాను. ఆ రెండూ వేరు."

నేను పళ్ళెం ఫోటో వైపే చూస్తున్నాను. బిళ్ళ అంచుల దాకా వచ్చేసిన మీగడ. ఇదే పళ్ళేన్ని నేను పదిహేనేళ్ళ కిందట చూశాను.

అప్పుడు మేం నలుగురం ఆడపిల్లలం. వడపోత కాగితాన్ని ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో గుచ్చి బిళ్ళలు చేసుకున్నాం. ఇంట్లోంచి పసుపు తెచ్చి నీళ్ళలో నానబెట్టాం. రాత్రి కరెంటు పోకూడదని ఇంక్యుబేటర్‌కి దండం పెట్టి వెళ్ళాం. పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చూస్తే, బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. రెండోసారి చేశాం. మళ్ళీ ఏమీ లేదు. రెండు రోజుల్లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నారు. సీనియర్ల రికార్డు తెప్పించి చూశాం. అందులో 14 మిల్లీమీటర్లు అని ఉంది. మేమూ 14 మిల్లీమీటర్లు అని రాశాం. పక్కన చక్కటి వలయం బొమ్మ వేసి, పచ్చ రంగు దిద్దింది నేనే. మార్కులు బాగా వచ్చాయి. మా రికార్డు చూసి ఆ తర్వాతి ఏడాది వాళ్ళు కూడా 14 అనే రాసి ఉంటారు.

ఎందుకు రాలేదు అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అడిగితే జవాబు మా పుస్తకంలోనే ఉంది. పసుపులో మనం గొప్పగా చెప్పుకునే కర్‌క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు. మేం నీళ్ళలో నానబెట్టి వడగట్టాం. అసలు సరుకు వడపోత కాగితం మీదే మిగిలిపోయింది. కూరలో పసుపు ముందు నూనెలో వేస్తామని మా నలుగురికీ తెలుసు. వంటింట్లో తెలిసిన సంగతి ల్యాబ్‌లో గుర్తు రాలేదు.

ఇదంతా తల్లో తిరుగుతుంటే నా నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చేసింది. "ఆల్కహాల్‌లో తీసినా, అది అగార్‌లోకి సరిగ్గా పాకకపోవచ్చు కదమ్మా? బిళ్ళ దగ్గరే ఉండిపోతే వలయం రాదు. అప్పుడు శక్తి లేదో, పాకలేదో మనకెలా తెలుస్తుంది?"

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. పోస్టర్ అడుగున కుడి మూల, చిన్న అక్షరాల్లో ఉన్న పెట్టె మీద వేలు పెట్టింది. పరిమితులు. అందులో సరిగ్గా అదే ఉంది. అందుకే ఈ వేసవిలో పళ్ళెం బదులు గొట్టాల్లో, ద్రవంలోనే కలిపి చూస్తారట.

"పొద్దుట్నుంచి ఇది అడిగింది మీరొక్కరే ఆంటీ" అంది.

నాకు గొంతు పట్టేసింది. ఏమీ లేదమ్మా అని కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పుప్పొడి మీదకి నెట్టేశాను.

ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు కర్‌క్యుమిన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో ఒక పెద్ద సమీక్ష రాశారు. ఆ పదార్థం నిలకడగా ఉండదని, ఒంటికి సరిగ్గా పట్టదని, ల్యాబ్ పరీక్షల్లో పనిచేస్తున్నట్టు భ్రమ కలిగించే గుణం దానికుందని హెచ్చరించారు. బాగా వచ్చిన ఫలితాలే అచ్చుకెక్కి, రానివి సొరుగుల్లో ఉండిపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మా 14 మిల్లీమీటర్లు ఏ పత్రికకూ ఎక్కలేదు గానీ, జాతి మాత్రం అదే.

కారెక్కాక అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పసుపు గురించి మన పిల్లే అలా అనడం..." అంది. అప్పుడు నేను పాత పేటెంటు గొడవ గుర్తు చేశాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. గాయాలు మానడానికి పసుపు వాడకం మీద 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి ఇక్కడ పేటెంటు ఇచ్చేశారు. మన సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసింది. మా అమ్మమ్మ రాసేది అంటే ఆఫీసు వాళ్ళు ఊరుకోరు కదా. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో మన వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం లాంటివన్నీ వెతికి ముందు పెట్టారు. 1997లో పేటెంటు రద్దయింది. "మన పసుపుని కాపాడింది ఎవరో చూసి, రాసి పెట్టుకున్న కాగితాలే అక్కా. మీ అమ్మాయి చేస్తున్నదీ ఆ పనే. చూసింది చూసినట్టు రాస్తోంది" అన్నాను.

అక్క కాసేపు ఆలోచించి, "అయితే చారులో వెయ్యొచ్చా, మానెయ్యాలా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వెయ్యండి అక్కా, పోపు నూనెలోనే వెయ్యండి అన్నాను.

ఇంటికొచ్చాక ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉందా అని కూర్చుని చదివాను. 1969లో ఎం.ఐ.టి.లో మార్గరెట్ మెక్‌వికర్ అనే భౌతిక శాస్త్రవేత్త, డిగ్రీ పిల్లలు ప్రొఫెసర్ల పక్కన కూర్చుని నిజమైన పరిశోధన చేసే పథకం మొదలుపెట్టారు. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. 1978లో దీనికోసమే కౌన్సిల్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి డిగ్రీ పిల్లలు వచ్చి అన్ని సబ్జెక్టుల పనినీ చూపించే మొదటి జాతీయ సమావేశం 1987లో జరిగింది. ఎక్కడనుకున్నారు? మాకు నాలుగు గంటల దూరంలో ఉన్న యాష్‌విల్‌లో. అక్కడికి కొండలు, ఆకుల రంగులు చూడ్డానికి రెండుసార్లు వెళ్ళాం. ఈ సంగతి మాత్రం తెలియదు.

కాలేజీకి వెళ్ళబోయే పిల్లలున్న అమ్మలకి నాలుగు మాటలు. నేను ఆ పిల్లనీ, అక్కడి ఒక ప్రొఫెసర్‌నీ అడిగి తెలుసుకున్నవి.

పరిశోధన అంటే చివరి సంవత్సరం వ్యవహారం కాదు. మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టేవాళ్ళున్నారు. చాలా యూనివర్సిటీల్లో దీనికోసం విడిగా ఒక ఆఫీసు ఉంటుంది. ముందు ప్రొఫెసర్ ఏం పని చేస్తున్నారో చదవాలి, తర్వాత నాలుగు వాక్యాల్లో ఈమెయిల్ రాయాలి. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు. దానికి మొహం ముడుచుకోనక్కర్లేదు. సైన్సు పిల్లలకే అని కూడా అనుకోవద్దు.

వేసవిలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్.ఇ.యు. కార్యక్రమాలుంటాయి. ఇంకో యూనివర్సిటీకి వెళ్ళి ఎనిమిది పది వారాలు పనిచేస్తారు, స్టైపెండ్ ఇస్తారు. అయితే ఆ డబ్బు అందుకోవాలంటే సిటిజన్ గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉండాలి. హెచ్-4 మీద పెరిగిన మన పిల్లలు చాలామందికి ఈ సంగతి అప్లికేషన్ నింపే రోజున తెలిసి ఏడుస్తారు. ముందే తెలిస్తే వేరే దారి చూసుకోవచ్చు. సొంత యూనివర్సిటీలో జీతం కోసం కాకుండా కోర్సు క్రెడిట్ కోసం పరిశోధన చేసే వీలు చాలాచోట్ల ఉంది. ఏది చేయొచ్చో ఏది కూడదో అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి అడిగి మొదలుపెట్టడం మంచిది.

ఇండియాలో చదువుతున్న అక్కచెల్లెళ్ళ పిల్లలకీ దారి లేకపోలేదు. మన మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. చెప్పేవాళ్ళు లేక తెలియదు, అంతే. మీకు తెలిస్తే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. గుడ్ మార్నింగ్ పువ్వుల కన్నా పనికొస్తుంది.

ఇక మా మెంతి మొక్కలు. ఆ సాయంత్రం మా వాడు గ్రాఫ్ గీస్తూ కూర్చున్నాడు. పాటలు విన్న వాటికి ఒక్కో సెంటీమీటర్ కలిపి, నేను చెప్పినట్టే, నమ్మేలా వేశాడు.

"అది చెరిపెయ్యి నాన్నా" అన్నాను.

"నువ్వేగా వెయ్యమన్నావ్!"

"తప్పు చెప్పాను."

వాడికి నా 14 మిల్లీమీటర్ల కథ చెప్పాను. పచ్చ రంగు దిద్దిన సంగతితో సహా. తొమ్మిదేళ్ళ పిల్లాడి ముందు మా అమ్మ దొంగలెక్క రాసింది అనిపించుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. వాడు తిట్టలేదు, నవ్వలేదు. "మరి టీచర్ పట్టుకోలేదా?" అని ఒక్కటే అడిగాడు. పట్టుకోలేదన్నాను. "అయితే నీకు మాత్రమే తెలుసా?" అన్నాడు. అవునన్నాను. ఆ మాటకి తల వంచుకుని రబ్బరు తీసుకున్నాడు.

చెరుపుతూ చెరుపుతూ ఆగి, "అమ్మా, పాటలు లేనివాటిని లాండ్రీ రూమ్‌లో పెట్టాం కదా, అక్కడ ఎండ కూడా లేదు. మరి తేడా వచ్చి ఉంటే అది పాట వల్లో ఎండ వల్లో ఎలా తెలిసేది?" అన్నాడు. నిజమే. మూడు వారాలు ఆ డబ్బాలు మోసింది నేనే, నాకు తట్టలేదు. అది కూడా బోర్డు మీద రాయమన్నాను. 'తేడా కనిపించలేదు' అని పెద్ద అక్షరాలతో రాశాడు. కింద, 'మళ్ళీ చేస్తే అన్నింటినీ ఒకే కిటికీ దగ్గర ఉంచుతాను' అని రాశాడు. మొక్కలు ఒకే కిటికీ దగ్గరుంటే అన్నీ పాట వింటాయి కదరా అంటే, మళ్ళీ తల గోక్కుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రి భోజనం ఆలస్యమైంది.

సోమవారం ఏ రిబ్బనూ రాలేదు. అగ్నిపర్వతం చేసిన పిల్లాడికి వచ్చింది.

మొన్న అమ్మతో మాట్లాడుతూ, అటక మీద నా మైక్రోబయాలజీ రికార్డు ఉందేమో చూడమన్నాను. ఆ పేజీని ఒక్కసారి చూడాలనిపించింది. "నీ పుస్తకాలా? నీ పెళ్ళయిన ఏడాదే చెదలు పడితే తూకానికి వేసేశాం కదే. ఇప్పుడెందుకు?" అంది. ఏం లేదన్నాను. పచ్చ రంగు దిద్దిన ఆ వలయం తెనాలిలో ఏ బజ్జీల పొట్లంగానో మారిపోయి ఉంటుంది. సరిదిద్దుకునే వీలు కూడా మిగలలేదు.

మీరుండే ఊళ్ళో యూనివర్సిటీ ఉంటే, ఇలాంటి రోజు ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. మీ పిల్లలు అక్కడ చదవకపోయినా సరే. మీరు చదివిన సబ్జెక్టు పోస్టర్ ఒకటి ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాని ముందు నిలబడి ఆ పిల్లని ఒక్క ప్రశ్న అడగండి. మీ ఇంగ్లీష్ గురించి బెంగ వద్దు, నాదీ అంతంతమాత్రమే. పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఎన్ని మార్కులొచ్చాయి అనే ముందు, అనుకున్నది రాకపోతే ఏం చేశావు అని అడిగి చూడండి. ఏం చెప్పారో నాకూ రాయండి.

మెంతికూర పప్పు చేశాను. ఆరు డబ్బాలూ ఖాళీ.